రీలు తిరిగొచ్చింది సరే, కడిగేవాడేడీ?

తెలుగువాళ్లకు ఫొటో విషయంలో రెండు క్రియలుండేవి. ఒకటి తీయడం, రెండోది కడిగించడం, అంటే తీసిన ఫిల్మును మందుల్లో ముంచి బొమ్మ తేల్పించడం. "పెళ్లి ఫొటోలు కడిగించారా?", "రీలు కడగడానికిచ్చాం, గురువారం రమ్మన్నాడు" లాంటి మాటలు ఒడిశాలోని బరంపురం బడాబజారులోనూ, పర్లాకిమిడి బజారులోనూ పాతికేళ్ల కిందట రోజూ వినబడేవే. ఫోన్లోకి కెమెరా వచ్చాక తీయడం పదింతలైంది, కడిగించడం మాయమైంది. ఆ పోయిన మాటను కాస్త విప్పి చూస్తే అది ప్రేరణార్థకం. ఎవరూ సొంతంగా ఫొటోలు కడిగేవారు కాదు, ఇంకొకరిచేత కడిగించేవారు. ఫొటోగ్రఫీలో సగం నీళ్లపనేననీ, ఆ సగం ఎప్పుడూ పరాయి చేతుల్లోనే ఉండేదనీ ఆ ఒక్క మాటే చెబుతోంది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. వాడుక మాటలో ఎంత సరుకుంటుందో ఆ ఊరికి వేరే చెప్పక్కర్లేదు.

డిజిటల్ కెమెరాతో విసిగో, ముచ్చటపడో మళ్లీ ఫిల్ము పట్టుకుందామనుకునేవాళ్లకు ఈ క్రియ దగ్గరే చిక్కొస్తుంది. కెమెరా దొరకడం పెద్ద కష్టం కాదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో బీరువా అడుగున ఏదో ఒక యాషికా ఉంటుంది. ఇంకాస్త పాత ఇల్లయితే బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ త్రీ కూడా ఉంటుంది. స్టూడియో మానేసినవాళ్ల దగ్గర పెంటాక్స్ కె1000 లాంటివి ఇంకా ఉన్నాయి. ఫిల్ము కూడా చచ్చిపోలేదు. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసిన కోడక్ 2013 సెప్టెంబరుకల్లా అందులోంచి బయటపడింది, ఇప్పటికీ రీళ్లు తయారుచేస్తోంది. ఇంగ్లండులో ఇల్ఫర్డ్ బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము ఆగలేదు. 2024లో రికో కంపెనీ పెంటాక్స్ 17 పేరుతో సరికొత్త ఫిల్ము కెమెరానే బజారులోకి తెచ్చింది. ఫ్రేమును సగం చేసి 36 ఫొటోల రీలుమీద 72 తీసే రకం అది. ధరలు మండిపోతున్న రోజుల్లో ఆ లెక్క ఎందుకు పుట్టిందో ఊహించుకోవచ్చు.

కెమెరా ఉంది, రీలు ఉంది. కడిగే చోటే లేదు. అందుకే ఈ ప్రాంతంనుంచి ఫిల్ముకు తిరిగి వెళ్లడమంటే, గట్టిగా ఆలోచిస్తే, బ్లాక్ అండ్ వైట్‌కు తిరిగి వెళ్లడమే. రంగుల రీలు ఇక్కడివాళ్లకు డిజిటలే, కాకపోతే కొరియరు ఖర్చు అదనం. ఈ మాట చాలామందికి రుచించదు. ఫిల్ము మోజు పుట్టేదే ఆ రంగుల వల్ల కదా అంటారు. లెక్క వేసుకుంటే విషయం తేలుతుంది.

36 ఫ్రేముల రంగుల రీలు ఉజ్జాయింపుగా 1,000 రూపాయలు. నగరంలోని ల్యాబు కడిగి, స్కాన్ చేసి పంపడానికి 500 నుంచి 600 తీసుకుంటుంది. రానూపోనూ కొరియరుకు మరో 200. అంతా కలిపితే 1,700 దాటుతుంది, అంటే ఒక్కో నొక్కుకు 47 రూపాయలకు పైమాటే. ఇంత ఖర్చుపెట్టి తీసిన ఫొటో తిరిగొచ్చేది ఏ రూపంలో? ఫోన్‌కు ఒక లింకుగా. దాన్ని నొక్కితే జేపెగ్ ఫైళ్లు దిగుతాయి. నెగటివ్‌లు కావాలంటే ఇంకోసారి కొరియరు. "ఉంచెయ్యండి, తర్వాత తీసుకుంటాం" అనేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్ల చేతికి వచ్చింది డిజిటల్ ఫొటోయే, వారం ఆలస్యంగా.

బరంపురంలాంటి పెద్ద ఊరిలో కూడా రంగుల రీలు కడిగే యంత్రం ఎందుకు నిలబడదన్నది తెలుసుకోదగ్గ సంగతి. ఆసక్తి లేకో, పనితనం చచ్చో కాదు, రసాయనమే దానికి కారణం. రంగుల నెగటివ్‌ను కడిగే పద్ధతిని సి-41 అంటారు. 1972లో కోడక్ తెచ్చిన ఈ పద్ధతిలోనే ఇప్పటికీ ఏ కంపెనీ రంగుల నెగటివ్ రీలైనా కడుగుతారు. డెవలపర్, అంటే బొమ్మ తేల్చే మందు, 38 డిగ్రీల దగ్గర ఉండాలి, అందులో ఫిల్ము మూడుంపావు నిమిషాలు ఉండాలి. అర డిగ్రీ అటూ ఇటూ అయినా రంగు తేడా కొడుతుంది. మినీల్యాబు యంత్రంలో ఈ డెవలపర్ పెద్ద తొట్టెల్లో ఎప్పుడూ వెచ్చగా నిలవుంటుంది. రీలు నడిచినప్పుడల్లా కాస్త కొత్త మందు చేరుతుంది, పాతది పొర్లిపోతుంది. రోజుకు యాభై అరవై రీళ్లు పడినన్నాళ్లూ ఆ తొట్టె తాజాగా ఉండేది. వారానికి ఐదు రీళ్లే పడితే గాలి తగిలి మందు ముదిరిపోతుంది, రంగులు బురదగా వస్తాయి. పూటకు వంద ఇడ్లీలు అమ్ముడయ్యే హోటల్లో పిండి పులవదు, పది అమ్ముడయ్యే చోట పులుస్తుంది. గిరాకీ పడిపోగానే చిన్న ఊరి కలర్ ల్యాబులు ఒకదాని వెంట ఒకటి మూతపడింది ఇందుకే. ఫిల్ముమీద మోజు మళ్లీ కొంత పెరిగినా అవి తెరుచుకోవు. ఈ పద్ధతి బతకాలంటే కొంత పరిమాణం ఉండి తీరాలి. ఆ పరిమాణం ముంబయి, బెంగళూరు లాంటి చోట్ల ఉంది, బరంపురం అస్కా రోడ్డులో లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. రంగుల నెగటివ్‌కు తనదంటూ ఒక రంగు లేదు. పట్టుకు చూస్తే నారింజ ఛాయలో ఉంటుంది. ఆ ఛాయను తీసేసి, రంగులు తలకిందులు చేసి, ఇది ఆకుపచ్చ, ఇది పసుపు అని నిర్ణయించేది స్కానరు, దాని ముందు కూర్చున్న మనిషి. ఒకే నెగటివ్‌ను రెండు ల్యాబులకిస్తే రెండు రకాల సాయంత్రాలొస్తాయి. "ఫిల్ము రంగు" అని మురిసిపోయేదాంట్లో పెద్ద వాటా ఎక్కడో కూర్చున్న ఆపరేటరుది. బరంపురం పట్టుచీర అంచుమీది ఎరుపు ఏ ఎరుపో ఆ మనిషికి ఏం తెలుసు? పాతకాలపు స్టూడియో యజమాని ఆ చీరను కళ్లతో చూసినవాడు. ప్రింటు తేడాగా వస్తే మళ్లీ వేయించి ఇచ్చేవాడు. ఆ మనిషి మధ్యలోంచి తప్పుకున్నాక మిగిలింది ఊహే.

బ్లాక్ అండ్ వైట్ కథ వేరు. ఆ మందుకు తొట్టెలు, యంత్రాలు అక్కర్లేదు. కావలసినంత కలుపుకోవడం, ఒక రీలు కడగడం, పారబోయడం. వారానికి ఒక రీలైనా, ఆర్నెల్లకొకటైనా దానికి ఒకటే. పైగా అందులో దాపరికమేమీ లేదు. కోడక్ డి-76 అనే డెవలపర్ 1920ల నాటిది, దాని వంటకం అప్పటినుంచీ బహిరంగమే. లీటరు నీళ్లకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. అంతే. నీళ్లు ముందు 50 డిగ్రీలకు వెచ్చబెట్టి, చెప్పిన వరసలోనే ఒకటి కరిగాక ఇంకోటి వెయ్యాలి. వెనకటి స్టూడియోలవాళ్లు కొన్నిచోట్ల కంపెనీ ప్యాకెట్టు కొనకుండా తక్కెడలో తూచి కలుపుకునేవారు. ఇందులో చివరి దినుసు బోరాక్సంటే మన వెలిగారమే. కంసాలి బంగారం అతికేటప్పుడు చల్లేది, పచారీ కొట్లో పొట్లం కట్టి ఇచ్చేది. కంసాలికీ ఫొటోగ్రాఫరుకీ వెలిగారం ఒకటే, చేసేది వెండిపనే. ఫిల్ముమీద వెలుతురు సోకేది వెండి లవణాలకే, కడిగాక నల్లగా మిగిలేదీ వెండే. అందుకే పెద్ద ల్యాబులు వాడేసిన హైపోను (ఫిల్ముమీద మిగిలిన వెండి లవణాలను కరిగించే మందును) పారబోయకుండా అందులోంచి వెండి రాబట్టుకునేవి. ఇంట్లో కడిగేవాళ్లు ఆ మిగులును బావి గట్టునో చెరువులోనో పొయ్యకూడదనేదీ అందుకే. మెటాల్ కొందరి చర్మానికి పడదు, దురద పుడుతుంది. చేతికి గ్లవ్స్ ఉండాలి.

లీటరు డి-76 కలిపి, వాడేటప్పుడు సగానికి సగం నీళ్లు పోసుకుంటే ఆరు రీళ్లు కడగొచ్చు. ఖర్చు ల్యాబు తీసుకునేదాంట్లో నాలుగో వంతు దగ్గర ఆగుతుంది. ఫిల్ము కూడా వంద అడుగుల చుట్టగా కొని, ఖాళీ డబ్బాల్లోకి ఇంట్లోనే చుట్టుకుంటే 36 ఫ్రేములవి 18 దాకా వస్తాయి. తూకం, చుట్టడం, కడగడం అన్నీ సొంతమైనకొద్దీ నొక్కు ధర దిగుతూ వస్తుంది. రంగుల్లో ఈ మెట్లు లేవు.

మరి చిక్కెక్కడ? ఎండలో. డి-76 లెక్కలన్నీ 20 డిగ్రీల నీళ్లకు రాసినవి. ఇల్ఫర్డ్ హెచ్‌పి5 ఫిల్మును సగం పలచన చేసిన డి-76లో 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు కడగాలి. 24 డిగ్రీలకు అది 8 నిమిషాల దగ్గరికి వస్తుంది. మే నెలలో బరంపురం మేడమీది ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలు ఎప్పుడో దాటేసి ఉంటాయి. అప్పుడు లెక్క ప్రకారం ఐదు నిమిషాల లోపే అయిపోవాలి. అంత తక్కువ సమయంలో మందు ఫిల్మంతా సమంగా పారదు, ఆకాశం చారలు చారలుగా వస్తుంది. అప్పుడు ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను బకెట్లో నిలబెట్టి, ఆ బకెట్లో మందు సీసాలు పెట్టి, థర్మామీటరు చూస్తూ కూర్చోవాలి. డెవలపర్‌ను 22 డిగ్రీలకు దించి, తర్వాత కడిగే నీళ్లు మాత్రం కొళాయిలోంచి 33 డిగ్రీలవి పోసేవాళ్లున్నారు. ఫిల్ముమీది జిగురు పొర ఆ దెబ్బకు ముడతలు పడి, బీటలువారిన చెరువు మట్టిలా అవుతుంది. డెవలపర్ ఎంత చల్లగా ఉందో దాని తర్వాతవన్నీ సుమారుగా అంతే ఉండాలి. విచిత్రమేమంటే, 38 డిగ్రీలు కావలసిన రంగుల మందుకు ఈ ఊరి ఎండ అనుకూలం, 20 కావలసిన బ్లాక్ అండ్ వైట్‌కే ప్రతికూలం. అయినా రంగుల మందు ఇంట్లో ఎక్కువకాలం నిలవుండదు, తెప్పించుకోవడం ఖరీదు. ఎండ ఇచ్చిన ఆ చిన్న సాయం అక్కడే ఖర్చయిపోతుంది. దాదాపు 900 మీటర్ల ఎత్తునున్న కొరాపుట్‌లో మాత్రం శీతకాలమంతా బకెట్టు, ఐసు గొడవే ఉండదు.

వేడి ఒక ఎత్తు, తేమ ఒక ఎత్తు. వానాకాలంలో రీలు ఎక్కించడం చూస్తే ఇది బాగా తెలుస్తుంది. వెలుతురు చొరని నల్లగుడ్డ సంచి, దానికి రెండు చొక్కా చేతుల్లాంటివి. లోపల ఫిల్ము కడిగే చిన్న ట్యాంకు, ఫిల్ము చుట్టే ప్లాస్టిక్ చక్రం, కత్తెర, రీలు డబ్బా. జిప్పు వేసి, చేతులు దూర్చి, కళ్లకేమీ కనబడకుండా వేళ్లతోనే ఫిల్ము కొసను చక్రం గాడిలోకి తొయ్యాలి. రెండు అరచేతులూ చెరోవైపు ముందుకీ వెనక్కీ తిప్పుతుంటే ఫిల్ము టిక్కు టిక్కుమంటూ లోపలికి పోతుంది. గోపాలపురంలాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లో ఆషాఢమాసపు మధ్యాహ్నం ఈ పని పెట్టుకుంటే ఐదు నిమిషాలకు సంచి లోపల ఆవిరి పడుతుంది. చేతులు చెమటలు పట్టి ఫిల్ము జిగటగా అవుతుంది. సగం చుట్టయ్యాక టిక్కు టిక్కు ఆగిపోతుంది. బలవంతంగా తోస్తే మడత పడుతుంది. మడతపడ్డ చోట నెలవంక ఆకారంలో నల్లమచ్చ, పొర మీద పొర అంటుకుంటే మందు తగలక తెల్లమచ్చ. ఆ రెండు ఫ్రేములు పోయినట్టే. అనుభవజ్ఞులు చేసేదల్లా చక్రాన్ని ముందురోజే ఎండబెట్టుకోవడం, ఫ్యాను కింద తెల్లవారుజామున పని కానివ్వడం, ఇరుక్కుంటే సంచి లోపలే ఫిల్మును ట్యాంకులో పడేసి మూతపెట్టి, చేతులు బయటికి తీసి పౌడరు లేకుండా పొడిగా తుడుచుకుని మళ్లీ మొదలెట్టడం. కంగారుపడ్డవాళ్ల చేతిలోనే రీళ్లు పాడవుతాయి.

ఆ తర్వాతదంతా వంట లాంటిదే. మొదటి అరనిమిషం ఆపకుండా, తర్వాత నిమిషానికి పది సెకన్ల చొప్పున ట్యాంకు తిరగెయ్యడం. నీళ్లతో ఒకసారి కడిగి హైపో పోయడం. హైపోలో ఎంతసేపన్నదానికి పాత స్టూడియోల చిట్కా ఒకటుంది. రీలు కొసముక్కను చిన్న కప్పులో హైపోలో వేసి, పాలలాంటి తెలుపు పోయి అది గాజులా అయ్యేందుకు ఎంతసేపు పట్టిందో చూసుకుని, దానికి రెట్టింపు ఉంచాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి చివరి ముంచు మాత్రం ఆర్వో నీళ్లతో ఉండాలి, లేకపోతే ఎండాక నెగటివ్‌మీద తెల్లటి చుక్కలు తేలతాయి. ఆరబెట్టేందుకు ఇంట్లో అన్నిటికంటే దుమ్ము తక్కువున్న చోటు స్నానాలగది. తీగకు బట్టల క్లిప్పు, కింద బరువుకు ఇంకో క్లిప్పు.

దేశంలోనే ఫిల్ము తయారైన రోజులుంటే ఈ ధరలు ఇలా ఉండేవా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. ఆ రోజులున్నాయి. 1960లో ఊటీలో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ కర్మాగారం 1967నుంచి ఉత్పత్తి మొదలుపెట్టింది. "ఇందు" పేరుతో బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, ఎక్స్‌రే ఫిల్ములు తీసింది. దుమ్ములేని చల్లటి గాలి కోసమే ఊటీని ఎంచుకున్నారు. ఫిల్ముకు ఏ వాతావరణం సరిపడుతుందో, ఏది సరిపడదో ఆ ఎంపికలోనే ఉంది. డిజిటల్ తాకిడికి ముందే నష్టాల్లో పడి, చివరికది మూతపడింది. ఇప్పుడు దేశంలో ఎవరి కెమెరాలో పడే రీలైనా ఓడలోనో విమానంలోనో రావలసిందే. రూపాయి బలహీనపడినా, వెండి ధర పెరిగినా ఆ భారం గిరి రోడ్డులో కెమెరా మెడలో వేసుకుని తిరిగే కుర్రాడిదాకా వస్తుంది.

ఇక తీయడం సంగతి. డిజిటల్‌కు అలవాటుపడ్డ చెయ్యి మొదటి రీలు దాదాపు ఎప్పుడూ ఒకే విధంగా పాడుచేస్తుంది, వెలుతురు తక్కువ ఇచ్చి. డిజిటల్‌లో తెలుపు ఒకసారి తెగిపోతే ఇక రాదు, చీకటి భాగాన్ని మాత్రం తర్వాత పైకి లాగొచ్చు. కాబట్టి కాస్త తక్కువ వెలుతురుతో తీయడం మంచి అలవాటే. నెగటివ్ ఫిల్ము దీనికి సరిగ్గా తలకిందులు. రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువ పడ్డా ఓర్చుకుంటుంది, ఒకటిన్నర స్టాపు తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు, ఖాళీ ప్లాస్టిక్కే. గోపాలపురం ఒడ్డున తెలుగు మాట్లాడే నోలియాలు వల లాగే దృశ్యం ఇందుకు మంచి పరీక్ష. తెల్లని ఇసుక, అంతకంటే తెల్లని నురుగు, మధ్యలో ఎండకు నల్లబడ్డ ఒళ్లు. కెమెరాలోని వెలుతురు కొలిచే మీటరు దేన్ని చూసినా నడిమి బూడిదరంగేనని అనుకుంటుంది. ఇసుకను కూడా బూడిదరంగు చేయాలని చూసి వెలుతురు తగ్గించేస్తుంది. ఇసుక మురికిగా వస్తుంది, మనుషుల మొహాలు మసిబొగ్గులవుతాయి. మీటరు చెప్పినదానికి ఒకటీ ఒకటిన్నర స్టాపు ఎక్కువివ్వాలి, లేకపోతే సొంత అరచేతిని ఎండలో పెట్టి దానిమీద కొలిచి, ఒక స్టాపు పెంచాలి. ఆ నెగటివ్‌లో నురుగు వివరమూ ఉంటుంది, కళ్ల కింది ముడతా ఉంటుంది. ఫిల్ముకు ఓటు వేయదగ్గ కారణాల్లో ఇదొకటి. "ఆత్మ ఉంటుంది" లాంటి మాటలు చెప్పేవాళ్లను పక్కనపెట్టొచ్చు.

నాన్నగారి కెమెరా అయితే మీటరును అసలు నమ్మనక్కర్లేదు. 1970ల నాటి చాలా కెమెరాలు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకి తయారయ్యాయి. పాదరసం వల్ల ఆ బ్యాటరీలు బజారునుంచి పోయాయి. వాటి స్థానంలో 1.5 వోల్టులది పెడితే మీటరు ఆడుతుంది గానీ తప్పు చెబుతుంది. ఎండలో పాత సూత్రమే మేలు. అపర్చరు (లెన్సు కన్ను) 16, షట్టరు వేగం ఫిల్ము డబ్బామీది ఐఎస్ఓ అంకె అంత. 400 ఫిల్మయితే సెకనులో 500వ వంతు. మబ్బుపడితే రెండు స్టాపులు తెరవాలి. తోలు కేసును మాత్రం బీరువాలోంచి తీసి అవతల పెట్టడం మంచిది. ఈ తీరపు తేమలో తోలు బూజుకు పుట్టిల్లు, అక్కడినుంచి అద్దంలోకి పాకడానికి ఒక్క వానాకాలం చాలు.

రాత్రిపూట ఫిల్ము ఓడిపోతుంది. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో మొదలయ్యే ఠాకురాణి యాత్రను తీసుకుంటే, వేషాలు, రథాలు, జనం, రంగుల లైట్లు, నెలపాటు సాగే రాత్రులు. ఫోన్ కెమెరా చీకటినుంచి లాగే బొమ్మను 400 ఫిల్ము లాగలేదు. వెలుతురు మరీ తక్కువైతే ఇంకో ఇబ్బంది. ఒక సెకను దాటిన ఎక్స్‌పోజరుకు ఫిల్ము మొద్దుబారుతుంది. మీటరు 10 సెకన్లంటే హెచ్‌పి5కు నిజంగా కావలసింది 20 సెకన్లు. కదిలే పులివేషాన్ని 20 సెకన్లు ఎవరు నిలబెడతారు? అలాంటి చోట డిజిటలే పట్టాలి, సిగ్గుపడాల్సిన పని లేదు. పగలు నేతపేటల వీధుల్లో వేషగాళ్లు రంగు పూసుకుంటూ గడపల్లో కూర్చునే వేళ ఫిల్ముది.

పెళ్లిళ్ల సంగతి ఇంకా తేలిక. తిండిపెట్టే పనికి ఫిల్ము వద్దు. రీలు ఖరీదైన రోజుల్లో పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఎలా నెగ్గుకొచ్చారో పెద్దవాళ్లకు గుర్తే. పెళ్లికూతురి పక్కన ఫొటోకి నాలుగోసారి వచ్చి నిలబడ్డ దూరపు బంధువుకు ఉత్తుత్తి ఫ్లాష్ కొట్టి పంపించేవారు. మొహాన వెలుగు పడింది కదా అని ఆయన తృప్తిగా భోజనానికెళ్లేవాడు. ఆల్బమ్ వచ్చినరోజు మాత్రం రాయబారాలు నడిచేవి.

ఫిల్మును గట్టిగా సమర్థించేవాళ్లు చెప్పే మాట, నెగటివ్ నిలిచిపోతుందని. అది సగం నిజం. పాత ప్రింటు వెనక్కి తిప్పితే స్టూడియో రబ్బరు ముద్ర, కింద సిరాతో ఒక నంబరు ఉంటుంది. అది నెగటివ్ నంబరు. పదేళ్ల తర్వాత వెళ్లి ఆ నంబరు చెబితే కాపీ తీసిచ్చేవారు. అంటే నెగటివ్ ఎప్పుడూ ఇంటికి రాలేదు, స్టూడియో అలమరలోనే ఉండిపోయింది. ఆ స్టూడియో ఫ్లెక్సీ షాపుగానో జిరాక్సు సెంటరుగానో మారినప్పుడు ఆ అలమర ఏమైందో ఎవరూ అడగలేదు. ఒక వీధి మొత్తం పెళ్లిళ్లు, షష్టిపూర్తులు, పోయినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి తీసిన చివరి ఫొటోలు తూకానికి వెళ్లాయి. నౌపడనుంచి పర్లాకిమిడికి 1900లో మొదలై, 1931కి గుణుపురం చేరిన చిన్నరైలు ఇప్పుడు బ్రాడ్‌గేజి అయింది. ఆ చిన్న పెట్టెల ముందు నిలబడి తీయించుకున్న కుటుంబ ఫొటోలదీ అదే గతి. ప్రింటు మిగిలిన ఇంట్లో మిగిలింది, నెగటివ్ ఎక్కడుందో తెలియదు. కడిగించడమన్న క్రియకు చెల్లించిన మూల్యం ఇది. సొంతంగా కడిగేవాళ్ల దగ్గర మొదటిసారిగా నెగటివ్ ఇంట్లో ఉంటోంది.

ఉన్నంతమాత్రాన సరిపోదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. తడిసిన ఇంట్లో హార్డ్ డిస్కు సాధారణంగా ఒక్కసారే చచ్చిపోతుంది. తడిసిన నెగటివ్‌ను అంటుకోకముందే మంచినీళ్లలో విడదీసి ఆరబెడితే చాలావరకు బతుకుతుంది. ఫ్రేములో గాజుకు అతుక్కున్న ప్రింటు బతకదు. అయితే తుపాను లేని ఏడాది కూడా ఈ తీరంలో నెగటివ్‌కు శత్రువే. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము వేడికీ తేమకూ మెల్లగా కుళ్లుతుంది. ట్రంకుపెట్టె తెరవగానే సిర్కా వాసన గుప్పుమంటే ఆ రోగం మొదలైనట్టు. ఒక రీలునుంచి పక్కదానికి పాకుతుంది కూడా. ట్రంకుపెట్టె అటక మీద పెట్టేవాళ్లు ఎండాకాలం ఆ అటకమీద ఎంత వేడి ఉంటుందో ఒకసారి ఎక్కి చూడాలి. నెగటివ్ ఉండాల్సింది ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, గాలి ఆడే కాగితపు కవర్లలో, సిలికా జెల్ ఉన్న డబ్బాలో. ఆ నెగటివ్‌ను డిజిటల్ కెమెరాతోనే, కింద తెల్లలైటు పెట్టి కాపీ తీసుకోవడం కూడా మంచిదే. ఇంట్లో ఉన్న పాత డిజిటల్ కెమెరాకు ఇంతకంటే మంచి ఉద్యోగం లేదు.

ప్రింటుదాకా వెళ్లాలనుకుంటే ఎన్‌లార్జర్, అంటే నెగటివ్‌ను కాగితంమీద పెద్దదిగా వేసే యంత్రం కావాలి. అది బజారులో దొరకదు. మూసేసిన స్టూడియో వెనకగదిలో బొంతకప్పి ఉంటుంది. దాని యజమాని సాధారణంగా డెబ్బై దాటిన పెద్దాయన. ఆయనకు ఎర్రబల్బు కింద కాగితం ఎన్ని సెకన్లు ఉంచాలో గడియారంతో పని లేకుండా తెలుసు. అరచెయ్యి అడ్డంపెట్టి మొహం దగ్గర కాస్త తెలుపు ఎలా మిగల్చాలో తెలుసు. ఆయన ఎన్‌లార్జర్‌ను డబ్బిచ్చి కొనేసి ఎత్తుకుపోవడంకంటే, ఆ గదిలోనే నెలకు రెండు ఆదివారాలు కూర్చునేట్టు మాట్లాడుకోవడం లాభం. యంత్రంతోపాటు చెయ్యి కూడా దొరుకుతుంది.

మొదటి రీలు కడగడానికి ఈ ప్రాంతంలో అనువైన కాలం కార్తీకంనుంచి మాఘందాకా. అప్పుడు కొళాయి నీళ్లు ఐసు లేకుండానే పాతికకు అటూ ఇటూ దిగుతాయి, గాలిలో తేమ తగ్గుతుంది, చక్రంలో ఫిల్ము అంటుకోదు. మందు ప్యాకెట్టు దసరాకల్లా తెప్పించుకుని పెట్టుకోవచ్చు. కలపడం మాత్రం రీలు పూర్తయ్యాకే, ముందురోజు రాత్రి.